ఎనిమిదో నెల లేని రిజిస్టరు

పసిబిడ్డల వైద్యంలోకి ఎందుకొచ్చావని అడిగేవాళ్ల మొహంలో ఒక ఎదురుచూపు ఉంటుంది. నేను గొంతు సవరించుకుని, కిటికీలోంచి దూరంగా చూస్తూ, "అదొక వానరోజు..." అని మొదలుపెడతానని వాళ్ల ఆశ. వాళ్లను నిరాశపరచడం నాకూ ఇష్టం ఉండదు గానీ, అసలు కారణం ఏమిటంటే ఆ గదిలో ఫ్యాను లేదు.

ఎనభైల మొదట్లో మాట. తిరుపతిలో మెడిసిన్ పూర్తిచేసి హౌస్ సర్జనుగా చేరాను. ఎవరు ఏ వార్డులో పనిచేయాలో రాసి నోటీసు బోర్డుకు అంటించి, మార్చుకోవాలనుకున్నవాళ్లు పదకొండు గంటల లోపల మార్చుకోవచ్చన్నారు. ఆ పదకొండు గంటల లోపల నేను బస్టాండు దగ్గర దోసె తింటున్నాను. తిరిగొచ్చి చూసేసరికి గుండెకాయలూ ఎముకలూ కళ్లూ అన్నీ నా స్నేహితులు పంచేసుకున్నారు. కాన్పుల వార్డు పక్కనున్న చిన్న గది మాత్రం నా కోసం భద్రంగా ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలనూ, బరువు చాలని బిడ్డలనూ ఆ గదిలో ఉంచేవాళ్లు. అలాంటి బిడ్డలకు గాలి తగిలితే ఒళ్లు చల్లబడిపోతుందని పైకప్పుకున్న ఫ్యాను విప్పించేశారు. తిరుపతి ఎండాకాలం సంగతి తెలిసినవాడెవడూ ఆ గదిని కోరి తీసుకోడు. నేనూ కోరలేదు. నేను కోరింది దోసె.

గదిలో వడ్రంగి చేత చేయించిన నాలుగు చెక్కపెట్టెలు ఉండేవి. ఒక్కో పెట్టెలో పైన నాలుగు బల్బులు, కింద దూది పరుపు, దాని మీద అరచేతిలో పట్టేటంత బిడ్డ. పెద్ద దేశాల్లో ఈ పనికి అద్దాల యంత్రాలు ఉంటాయని పుస్తకంలో బొమ్మ చూశాను. మాకు యంత్రం లేదు. బల్బు మాడిపోతే మార్చడానికి ఒక ఆయా ఉండేది.

ఆ ఆయాకు యాభై దాటి ఉంటాయి. ఎప్పుడూ నోట్లో వక్కాకు, నడుముకు తాళాల గుత్తి. చేతి వెనక భాగం బిడ్డ పొట్టకు ఆనించి "సల్లగా ఉండాది" అనేది. నేను థర్మామీటరు వెతుక్కుని, విదిలించి, బిడ్డ చంకలో పెట్టి, రెండు నిమిషాలు ఆగి చూసి, "అవును, చల్లగా ఉంది" అనేవాణ్ణి. మా గదిలో వైద్యశాస్త్రం ఆమెకన్నా రెండు నిమిషాలు వెనక నడిచేది.

మా ప్రొఫెసరు మేడం మొదటి రోజే నన్ను పిలిచి అడిగారు.

"ఏమయ్యా, బిడ్డల్ని ఎత్తుకోవడం వచ్చునా?"

"మా అక్క పిల్లల్ని ఎత్తుకున్నాను మేడం."

"ఎప్పుడైనా పడేసినావా?"

"ఒకసారి మేడం."

"చెప్పేసినావు. పనికొస్తావు."

తర్వాత ఒక బిడ్డ దగ్గరికి తీసుకెళ్లి చూపించారు. చెవి అంచును మెల్లగా మడిచి వదిలితే, అది అట్లే మడతపడి ఉండిపోయిందంటే నెలలు బాగా తక్కువ. బద్ధకంగా లేచిందంటే కొంచెం తక్కువ. టక్కున లేచిందంటే నిండినట్టే. అరికాలు నున్నగా ఉంటే తొందరపడి వచ్చిన బిడ్డ, గీతలు పడి ఉంటే నిదానంగా వచ్చిన బిడ్డ. "తల్లి నెలలు మరిచిపోవచ్చు. బిడ్డ ఒళ్లు మరిచిపోదు. రెండూ చూసుకోవాల" అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నేను బస్సులో పక్కనున్నవాళ్ల చెవుల వంక అనుమానంగా చూసేవాణ్ణి.

వారం తిరక్కుండానే ఒక పెద్ద రిజిస్టరు నా చేతిలో పెట్టారు. మా గదికి వచ్చే ప్రతి బిడ్డకూ ఒక వరస. ఎన్నో నెలలో పుట్టింది, బరువు ఎంత, ఒంటి వేడి ఎంత, ఏ పాలు ఎట్లా పట్టాము, ఇంటికి వెళ్లిందా లేదా. ఏయే బిడ్డలు నిలుస్తున్నారు, ఎందుకు నిలుస్తున్నారు అన్నది దాంట్లోంచి తేల్చి డాక్టర్ల సభలో చదవాలని మేడం ఆలోచన. "సరిగ్గా రాసినావంటే పై చదువుకు నా కింద చేర్చుకుంటా" అన్నారు. బెదిరించినట్టే వినిపించింది.

మొదటి గడి దగ్గరే చిక్కొచ్చింది. పరిశోధన అంటే పెద్ద పెద్ద యంత్రాలు, లెక్కలు అనుకున్నాను గానీ, ఒక పడుచు మగవాడు వెళ్లి ఒక బాలింతను "నీకు నెల తప్పింది ఎప్పుడమ్మా?" అని అడగడం అనుకోలేదు. మొదటి రోజు అడిగాను. ఆ అమ్మాయి కొంగు మొహం మీదికి లాక్కుంది. పక్కనున్న అత్తగారు లేచి నిలబడింది.

"ఇదేం అడిగేది అబ్బోడా? నీకు పెండ్లయిందా?"

"లేదండీ."

"అయినాక నీ పెండ్లాన్ని అడుగుపో."

సైన్సు అంతటితో ఆగిపోయేదే. ఆయా అడ్డం పడింది. "నువ్వు పక్కకు పోయి నిలబడు అబ్బయ్యా, నేనడుగుతా" అంది. అప్పటినుంచి అదే మా పద్ధతి. ఆమె తెర లోపలికి వెళ్లి గుసగుసలాడేది. బయటికి తల పెట్టి "ఆరు" అనో "ఏడు" అనో "తొమ్మిది" అనో అరిచేది. నేను తెర ఇవతల నిలబడి రాసుకునేవాణ్ణి. రేషన్ షాపు ముందు నిలబడినట్టుండేది.

ఏడెనిమిది నెలలు గడిచాక మేడం ఒక మధ్యాహ్నం రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పారు. ఒక దగ్గర ఆగారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు తిప్పారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఏమయ్యా, మన జిల్లాలో ఎనిమిదో నెలని ఎప్పుడు రద్దు చేసినారు?"

అర్థం కాలేదు. రిజిస్టరు నా వైపు తిప్పారు. ఆరో నెల బిడ్డలు ఉన్నారు. ఏడో నెల బిడ్డలు కొల్లలుగా ఉన్నారు. తొమ్మిదో నెలలో పుట్టి బరువు చాలనివాళ్లు ఉన్నారు. ఎనిమిదో నెలలో ఒక్కరంటే ఒక్కరు లేరు.

"ఏడో నెల బిడ్డ, రెండు కిలోలు. అరికాలి నిండా గీతలని నువ్వే రాసినావు. ఏడో నెలలో పుట్టింది బిడ్డా, బస్తానా?"

నేను నేరుగా ఆయా దగ్గరికి వెళ్లాను. దూది ఉండలు చేస్తూ కూర్చుంది.

"నువ్వు నెలలు మార్చి చెప్పినావా?"

"మార్చినా." దూది ఉండ పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టింది. "ఎనిమిది అన్నవాళ్లందరికీ ఏడు జెప్పినా."

"ఎందుకు?"

"ఎందుకేంది అబ్బయ్యా? నువ్వీ ఊరోడివేనా?"

ఈ ఊరివాణ్ణే. నాకూ తెలుసు. మా వైపు ఒక నమ్మకం ఉంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ నిలుస్తుంది, ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ నిలవదు. కడుపులో ఇంకో నెల ఎక్కువ ఉన్న బిడ్డకు ఇంకాస్త బలం రావాలి కదా అని ఎవరూ అడగరు. నమ్మకాలకు లెక్కల పరీక్ష ఉండదు. అందుకే అన్నీ పాసవుతాయి.

"ఎనిమిదని పైకొచ్చిందనుకో, ఎవురో ఒకరు బిడ్డను గుడ్డలో సుట్టుకొని ఇంటికి పోదాం పదండంటారు. ఏడంటే పాలు పోస్తారు. నేను పాలు పోయించినా. తప్పా?" అంది ఆయా.

సమాచారం తారుమారైతే శాస్త్రం ఎట్లా దెబ్బతింటుందో నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆమె చివరిదాకా విని, "ఆ మూడో పెట్టెలో బల్బు పోయింది, సూడు" అంది.

బల్బు మారుస్తుండగా నాకు తట్టింది. ఎనిమిదో నెలలో పుట్టి, పాలు తాగి, బరువెక్కి, బతికి ఇంటికి వెళ్లిన బిడ్డలందరూ మా రిజిస్టరులో ఏడో నెల బిడ్డలైపోయారు. ఊళ్లలోనూ అదే జరుగుతూ ఉండాలి. బతికితే ఏడు అంటారు. పోతే ఎనిమిది అంటారు. అట్లాంటప్పుడు ఎనిమిదో నెల బిడ్డ బతికినట్టు ఎవరికి తెలుస్తుంది? ఒక నమ్మకాన్ని ఇంత జాగ్రత్తగా పెంచి పోషిస్తున్నది ఎవరో కాదు, దాని బారినుంచి బిడ్డల్ని కాపాడాలని చూసే ఈ మంచి మనుషులే.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఇంట్లో ఈ సంగతి చెప్పాను. నేనూ తొందరపడి పుట్టినవాణ్ణేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. బడిలో లెక్కల అయ్యవారు నన్ను "నెల తక్కువ వెధవా" అని తిట్టినప్పుడు, లేచి నిలబడి "రెండు నెలలు సార్" అని సవరించి, ఆ సవరణకు వేరే తన్నులు తిన్నవాణ్ణి.

"అమ్మా, నేను పుట్టింది నిజంగా ఏడో నెలలోనేనా?"

"ఏడే" అంది అమ్మ. ప్రశ్న పూర్తికాకముందే అంది. నాయన చారు గిన్నెలోకి తొంగి చూస్తూ ఉండిపోయాడు. దాంట్లో అంత చూడవలసిందేమీ లేదు.

నాయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. నా చదువు గురించి ఆయనకు వేరే బాధ ఉండేది. "ఊరినిండా అయిదడుగులు, ఆరడుగుల మనుషులు జబ్బులతో తిరగతా ఉండారు. వాళ్లందరినీ వదిలిపెట్టి ఈ మూరెడు మనుషుల్ని పట్టుకున్నావేందిరా? నోరు తెరిచి ఫలానా చోట నొప్పి అని కూడా చెప్పరు" అనేవాడు.

"అదే సుఖం నాయనా. అబద్ధం చెప్పరు" అన్నాను.

మర్నాటినుంచి ఆయా, నేను రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాం. ఆమెకు చదవడం రాదు గానీ ఏ బిడ్డనూ మరిచిపోలేదు. "పుత్తూరు బిడ్డా? పచ్చంచు చీర? అది ఎనిమిది. ఈ పాకాల బిడ్డ నిజంగా ఏడే, పాపం, దక్కలా. రేణిగుంట కవలలు ఎనిమిది. వాళ్ల నాయన రైల్వేలో పని, బిస్కెట్లు తెచ్చినాడు." ఆమె చెప్పినదాన్ని నేను రాసుకున్న చెవులతోనూ అరికాళ్లతోనూ సరిచూసుకున్నాను. దాదాపు అంతటా కుదిరింది. ఎర్ర సిరాతో దిద్దాను. రద్దయిన నెల మళ్లీ అమల్లోకి వచ్చింది.

ఒక అవ్వ మా గదికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఆమెది పులికాట్ సరస్సు ఒడ్డున ఏదో పల్లె. ఎండు చేపలు, ఎండు రొయ్యలు గంపకెత్తుకుని సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు సంతలన్నీ తిరిగి అమ్మే మనిషి. మొదటి కాన్పుకని కూతుర్ని ఇంటికి తెచ్చుకుంటే, నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. బస్సులు మారి తిరుపతి దాకా తెచ్చింది. వచ్చిన గంటలోనే కాన్పయింది. ఆడబిడ్డ. కిలోన్నరకు కొంచెం తక్కువ. ఏడుపు బాగుంది, రంగు బాగుంది, కానీ చప్పరించే బలం లేదు. సన్నటి గొట్టంతో చుక్క చుక్క తల్లిపాలు పోయాలి. పెట్టెలో వెచ్చగా ఉంచాలి. మూడు నాలుగు వారాలు ఉండాలని మర్నాడు అవ్వకు చెప్పాను.

అవ్వ పెట్టెలోకి చూసింది. నన్ను చూసింది.

"ఎన్నో నెల ఇది, అబ్బోడా?"

తల్లి చెప్పిన నెలలూ, బిడ్డ చెవీ, అరికాలూ ఒకే మాట చెబుతున్నాయి. ఎనిమిది నడుస్తోంది. ఆ మాట అంటే ఏమవుతుందో తెలుసు. అబద్ధం చెబుదామంటే, ఎర్ర సిరా ఇంకా నా వేళ్లకు ఉంది. నాకొక తెలివైన ఉపాయం తోచింది. నాకు తెలివైన ఉపాయాలు తోచినప్పుడల్లా పక్కవాళ్లు జాగ్రత్తపడాలి.

"ముప్పై మూడు వారాలవ్వా."

"వారాలా?"

"మా లెక్క వారాల్లోనే అవ్వా. ఇంగ్లీషు వైద్యం కదా."

అవ్వ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. బొటనవేలు వేళ్ల కణుపుల మీద నడిచింది.

"వారానికొక సంత. ముప్పై మూడు సంతలు. నెలకు నాలుగు సంతలనుకుంటే ఎనిమిది నెల్లు పోను ఒకటి మిగులు. నెలకు నాలుగే పడవు గదా, మూడు నెల్లకొక తూరి అయిదో సంత పడతాది. అది గూడా తీసెయ్యాల..." కళ్లు తెరిచింది. "ఏడు నిండి ఎనిమిదిలో నడస్తాండాది. అంతేనా?"

నేను అదే లెక్కను కాగితం మీద, రెండు కొట్టివేతలతో చేశాను. అవ్వ వెనక నిలబడిన ఆయా నాకు సైగ చేస్తోంది. ఒక చేతిలో బేసిను ఉంది కాబట్టి, ముందు అయిదు వేళ్లు చూపించి, ఆ తర్వాత రెండు చూపించింది.

"ఎనిమిదేనవ్వా" అన్నాను.

ఆయా బేసిను కింద పెట్టేసింది.

అవ్వ ఏడవలేదు, అరవలేదు. మూలనున్న సంచి తీసుకుని, ఆరేసిన గుడ్డలు ఒక్కొక్కటే మడిచి దాంట్లో పెట్టుకోసాగింది.

"మంచిది నాయనా. నిజం జెప్పినావు. మేం పొయ్యొస్తాం."

"ఎక్కడికవ్వా? బిడ్డ బాగుంది. పాలు అరుగుతున్నాయి."

"నాకూ ఒగడు పుట్టినాడు ఎనిమిదిలో. తొమ్మిది దినాలు ఉండినాడు. అయిదో దినం పేరు గూడా పెట్టేస్తి." ఒక గుడ్డ మడిచింది. "పెట్టకుండా ఉండాల్సింది. నా కూతురు ఇంగా దీని మొగం సరింగా సూడలా. సూడకముందే తీసకపోతా. నాలుగు వారాలు సాకినాక పొయ్యిందంటే ఆ పిల్ల తట్టుకోలేదు."

  

ఆయా వచ్చి సంచి మీద చెయ్యి పెట్టింది. "అక్కా, కొంచేపు ఉండు. ఈ బుక్కులో నేను అబద్ధాలు రాయించినా." అని మొదలుపెట్టి పుత్తూరు బిడ్డ, రేణిగుంట కవలలు, బిస్కెట్లు, పచ్చంచు చీర అంతా చెప్పింది. నేను ఎర్ర సిరా దిద్దుబాట్లు ఒక్కొక్కటే చూపించాను. అవ్వ శ్రద్ధగా చూసింది. ఆమెకు చదువు రాదు.

"కాయితంలో బతికినారు" అంది చివరికి. "నాకు ఒగ బిడ్డను సూపియ్యి. ఎనిమిదిలో పుట్టి నిలిచిన బిడ్డను. కండ్లతో సూస్తా."

న్యాయమైన కోరిక. మా సభలో కూర్చునే పెద్ద డాక్టర్లు కూడా అంతకుమించి అడగరు. ఆయా ఆలోచించి, రైల్వే గేటు అవతల పూలు కట్టే అమ్మాయి ఇల్లు చెప్పింది. ఎనిమిదో నెల కాన్పు. బిడ్డకు ఇప్పుడు ఏడు నెలల వయసు. అవ్వను సాయంత్రం దాకా ఉండమని బతిమాలి, సైకిలు తీశాను.

గంటలో తిరిగొచ్చాను. పూలమ్మాయి బిడ్డనెత్తుకుని రిక్షాలో, ఆమె పక్కన వాళ్ల అత్త, పక్కనే సైకిలు మీద నేను, మంత్రిగారి వెంట పోలీసులా. ఆ అత్తను నేను పిలవలేదు. ఆస్పత్రిలో తన మనవడిని ఎవరో చూడాలంటున్నారంటే ఏ నాయనమ్మ ఇంట్లో కూర్చుంటుంది? దారి పొడవునా నేను సైకిలు బెల్లు కొడుతూనే ఉన్నాను. సాక్ష్యం దొరికింది, అదీ రెండు కాళ్లూ ఆడిస్తున్న సాక్ష్యం.

బిడ్డను అవ్వ ముందు నిలబెట్టారు. బొద్దుగా, నున్నగా, ఆయా తాళాల గుత్తి కోసం చేతులు చాపుతూ ఉన్నాడు.

"ఎన్నో నెలలో పుట్టినాడు మే?" అని అడిగింది అవ్వ.

"ఏడో నెలలో" అంది పూలమ్మాయి.

"ఏడో నెలే" అంది అత్త. "ఏడో నెల బిడ్డ కాబట్టే ఇట్లా ఉండాడు. ఎనిమిదయ్యుంటే నిలిచేవాడా?"

అవ్వ నా వైపు చూసింది. అలాంటి చూపును నేను మౌఖిక పరీక్షలో ఒకసారి చూశాను. ఆ సబ్జెక్టు తప్పాను.

ఆయా చటుక్కున అత్త చెయ్యి పట్టుకుంది. "వదినా, వక్కాకు ఏస్తావా? రా, వరండాలో కూసుందాం. ఈడ నమలగూడదు, మేడం తిడతాది." ఇద్దరూ బయటికి వెళ్లారు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా పూలమ్మాయి ఆగింది. తర్వాత అవ్వ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఎనిమిదేనవ్వా. ఆయమ్మ ఏడు జెప్పమంటే జెప్పినా. మా అత్తకు తెలిసిందంటే, బిడ్డ తుమ్మినా నా మీదికే వస్తాది. నా బిడ్డ తోడు అని ఒట్టేయమంటావా?" అని బిడ్డ తల మీద చెయ్యి పెట్టబోయింది.

"ఒట్లొద్దు" అంది అవ్వ. బిడ్డను రెండు చేతులా తీసుకుంది. కొంచెం పైకీ కిందికీ ఆడించింది. సంతలో సరుకు చూసేవాళ్ల చేతులు అవి.

"నాలుగున్నర వీశెలుంటాడు."

తూచి చూశాను, ఆరు కిలోల మూడు వందల గ్రాములు. సరిగ్గా ఉంది. ఆమె మళ్లీ బిడ్డను తీసుకుని, మెడ మడతలో ముక్కు పెట్టి వాసన చూసింది. చాలాసేపు అట్లే ఉంది. బిడ్డ ఆమె ముక్కుపుడక పీకాడు. అప్పుడుగానీ వదల్లేదు.

"సరే" అంది, సంచిలోంచి ఒక గుడ్డ తీసి మళ్లీ ఆరేస్తూ. "ఒగ సంత ఉంటా. ఒక్కటే."

ఆ వారమంతా మా మేడంకన్నా కఠినమైన పరీక్షాధికారి పెట్టె పక్కన కూర్చుంది. గొట్టంలో పాలు దిగేటప్పుడు చుక్కలు లెక్కపెట్టేది. కూతురు పక్క గదిలోంచి పాలు పిండి పంపేది. మొదట రెండు రోజులు బిడ్డను చూడటానికి అవ్వ రానివ్వలేదు. మూడో రోజు ఆ అమ్మాయి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అవ్వ చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

వారం తిరిగింది. సంత రోజు. తూచాల్సిన రోజు. బిడ్డను తక్కెడలో పెట్టి చూస్తే, పుట్టినప్పటి బరువుకన్నా తగ్గింది. మొదటి రోజుల్లో ఏ బిడ్డైనా కొంచెం తగ్గుతుంది, చిన్న బిడ్డ తిరిగి అందుకోవడానికి ఇంకాస్త రోజులు పడుతుంది. ఇది పుస్తకంలో ఉంది. కానీ అవ్వ పుస్తకంలో లేదే. ఒక్క వారం అడిగింది, ఆ ఒక్క వారానికీ బరువు తగ్గించి చేతిలో పెడుతున్నాను. ఒంట్లోని నీరు ఎట్లా పోతుంది, ఎందుకు పోతుంది, మళ్లీ కండ ఎప్పుడు పడుతుంది అని పది నిమిషాల ఉపన్యాసం మనసులో తయారుచేసుకున్నాను.

"అవ్వా, బరువు కొంచెం తగ్గింది."

"నీళ్లు పొయ్యుంటాయి" అంది అవ్వ. "ఎండితే తగ్గదా? సేప గూడా అంతే. ఇంగో సంత ఉంటా, ఏం జేస్తాం."

నా ఉపన్యాసం నాతోనే ఉండిపోయింది. ఇప్పుడు ఎవరైనా కొత్త డాక్టరు అడిగితే నేనూ అదే రెండు ముక్కలు చెబుతాను.

రెండో సంతకు పోయిన బరువు తిరిగొచ్చింది. మూడో సంతకు దానిమీద కొంచెం పెరిగింది. ఒకరోజు ఉదయం నేను గదిలోకి వస్తుంటే, అవ్వ పెట్టె మీదికి వంగి ఎవరినో పిలుస్తోంది. బిడ్డను పేరు పెట్టి పిలుస్తోంది. కూతురు రెండో రోజే లోలోపల పెట్టేసుకుందట. అవ్వ నన్ను చూసి గబుక్కున నిటారుగా నిలబడి, "బల్బు సరింగా ఎలగతాందా లేదా అని సూస్తాండా" అంది. వెలుగుతోందని ఒప్పుకున్నాను.

దిద్దిన రిజిస్టరు మేడం చదివారు. ఎనిమిదో నెల వరసల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కించారు.

"ఈ నెలలన్నీ ఎట్లా పట్టుకున్నావయ్యా?"

ఆయా సంగతి, ఆమె జ్ఞాపకం సంగతి దాచకుండా చెప్పాను. ఇట్లా దిద్దిన లెక్కను ఈసారి సభలో చదవడం కుదరదన్నారు. మళ్లీ మొదటినుంచి, నెలకు బదులు వారాలు రాస్తూ, ప్రతి బిడ్డ చెవీ అరికాలూ చూస్తూ, కొత్త రిజిస్టరు మొదలుపెట్టాలన్నారు. అంటే ఇంకో ఏడాది. అంటే ఇంకో ఎండాకాలం. "పై చదువుకు దరఖాస్తు కూడా పెట్టు. ఇంకెవడు చేస్తాడు ఈ పని?" అన్నారు. నేను సంతోషపడ్డానని ఎవరికీ తెలియకుండా ఉండాలని మొహం చిట్లించుకుని బయటికి వచ్చాను. ఆయా చూసి, "ఏందబ్బయ్యా, మేడం మెచ్చుకున్నాదా?" అంది.

నాలుగో సంత దాటాక బిడ్డ గొట్టం వదిలి తల్లి రొమ్ము పట్టింది. చప్పుడు చేస్తూ తాగింది. ఇంటికి వెళ్లొచ్చని రాశాము. రిజిస్టరులో అవ్వ వేలిముద్ర వేయాలి.

"ఏడని రాయి నాయనా."

"రాయలేనవ్వా."

"పల్లెలో నోళ్లు ఊరుకోవు. దీనికి రేపు పెండ్లి జేయాల."

"రేపా?"

"ఎగతాళి జెయ్యొద్దు. ఏడని రాయి."

"ఇట్లాంటి అవ్వ ఇంకొకామె వస్తే, ఎనిమిదో నెల బిడ్డ ఏదీ అని అడుగుతుంది. నేను ఎవరిని చూపించేది?"

అవ్వ సిరా డబ్బా దగ్గరికి లాక్కుంది. "నువ్వు కాయితంలో ఎనిమిది రాసుకో. నేను ఊళ్లో ఏడు జెప్పుకుంటా" అని బొటనవేలు సిరాలో ముంచి, ఎనిమిది అంకె పక్కనే గట్టిగా అద్దింది. మిగిలిన సిరా నా తెల్లకోటుకు తుడిచింది.

బస్టాండుకు నేనూ వెళ్లాను. వెళ్లాల్సిన పనేమీ లేదు. ఆ దారిలోనే దోసె హోటలు ఉందని ఆయాకు చెప్పాను, ఆమె నమ్మలేదు. నాయుడుపేట బస్సులో కిటికీ పక్కన కూతుర్ని కూర్చోబెట్టి, సంత డబ్బులు కొంగున ముడేసుకున్నట్టు బిడ్డను ఒడిలో పొదువుకుని అవ్వ కూర్చుంది. బస్సు ఇంకా కదలనేలేదు, ముందు సీటులోని ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఎంత సన్నగుండాది! ఎన్నో నెల బిడ్డమ్మా?"

"ఏడు" అంది అవ్వ. కిటికీలోంచి నా వైపు ఒక చూపు చూసింది. నేను నోరు మూసుకుని హోటలు బోర్డు చదువుకున్నాను.

"అదే మేలు" అంది ఆవిడ. "ఎనిమిదైతే నిలిచేదే కాదు."

అవ్వ బిడ్డను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. డ్రైవరు గేరు వేశాడు.

"ఎవురు జెప్పినారు మే నీకు?" అని అవ్వ గొంతు లేచింది.

బస్సు కదిలిపోయింది. ఆ ముందు సీటు ఆవిడ నాయుడుపేటలో ఎట్లా దిగిందో నాకు తెలియదు.